గోలెం ధర ఎనిమిదేనా?

క్లాష్ రాయల్ 2016లో సూపర్‌సెల్ కంపెనీ విడుదల చేసిన మొబైల్ ఆట. ఇందులో దెబ్బలు కాస్తూ ముందు నడిచే పాత్రలను ట్యాంకులు అంటాం. జెయింట్‌కు 5 ఎలిక్సిర్, గోలెంకు 8. మొదట్లో 2.8 సెకన్లకు ఒక ఎలిక్సిర్ వస్తుంది, 10కి మించి నిలవదు. అంటే గోలెం అసలు ధర 22 సెకన్లు! దాన్ని దించితే చేతిలో 2 మిగులుతాయి. ఎదుటివాడు రెండో దారిలో వస్తే మన టవర్‌కు ముప్పే. మూడో నిమిషంలో ఎలిక్సిర్ రెట్టింపు వేగంతో వస్తుంది, అదే గోలెం 11 సెకన్లకే దొరుకుతుంది. కాలువకు నీళ్లొచ్చే అదను చూసి నాట్లు వేసినట్టు ఆడాలి.

ఈ లెక్క నాకు నచ్చింది. కానీ డబ్బు పెట్టి కార్డు లెవెల్ త్వరగా పెంచుకోవచ్చు. అప్పుడు అదే 8కి డబ్బున్నవాడి గోలెం ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది. ధర ఒకటే అయినప్పుడు బలమూ ఒకటే ఉండాలి కదా!