ఫాండ్యూ పాకము

వెల్లుల్లి రెబ్బతో లోపల రుద్దిన మందపాటి పాత్రయందు తెల్లని ద్రాక్షాసవమును వెచ్చజేసి, సమభాగములుగ తురిమిన గ్రూయేర్, వాష్రాన్ చీజులను కొంచెము కొంచెముగ చల్లుచు, కొయ్యగరిటెను ఎనిమిది అంకె చందమున త్రిప్పుచు ఫాండ్యూ వండు స్విట్జర్లాండు దేశపు ఫ్రీబూర్గ్ సీమ గృహస్థుల నైపుణ్యము మిక్కిలి శ్లాఘనీయము. ఒంటిగా కాచిన చీజు కొవ్వును విడిచి ముద్దకట్టును. ఆసవమందలి ఆమ్లమో, మాంసకృత్తులను బంధించిన కాల్షియమును తనవైపునకు లాగికొని వానిని సడలించును. పాకమున కలుపు మొక్కజొన్న గంజిపిండి కొవ్వును వేరుపడనీయదు. శాస్త్రజ్ఞులు వివరింపక పూర్వమే ఈ రహస్యము వంటచేతికి వశమైయుండెను. 1699 నాటి జ్యూరిచ్ వంటపుస్తకమొకదానియందే చీజును ద్రాక్షాసవముతో వండు విధానము కానవచ్చుచున్నది.

అన్నిటికంటె నాకు గౌరవము కలిగించునది మంటను అదుపుననుంచు ఓర్పు. తెర్లెనా, పాకము విఱుగును, చల్లారెనా, బిగిసికొనును. పొడుగుకాడల ముళ్లగరిటెలకు గ్రుచ్చిన రొట్టెముక్కను ప్రతివారును అడుగంట త్రిప్పి తీయుదురు గనుక, భోక్తలే పాచకునకు సహాయులగుదురు. అడుగున ఎఱ్ఱగా వేగిన పొరను పెళ్లగించి పంచుకొనుట ఆ విందునందలి పరమరుచి.

వండగోరు పాఠకులు వాష్రాన్ దొరకదని విచారింపవలదు. గ్రూయేరునకు ఎమెంటాల్ జతచేసినను చక్కని ఫాండ్యూ సిద్ధించును.