అత్తయ్య వాటా

మొన్న శనివారం మా వీధిలో ఒక పెద్దాయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు బకెట్లలో బిర్యానీ, పోయినాయన ఫొటోతో ఫ్లెక్సీ. ఫ్లెక్సీల మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠతా వచ్చు కాబట్టి వదిలేస్తున్నాను. కాకపోతే ఈసారి ఆ ముసలాయన నెత్తిన బంగారు కిరీటం పెట్టారు. కంప్యూటర్లో అతికించింది, కాస్త ఎడమకి ఒరిగి ఉంది. బతికున్నన్నాళ్లూ తలకి తువ్వాలు తప్ప ఏదీ చుట్టని మనిషి.

వాక్యం చెప్పడానికొచ్చిన పాస్టరుగారు కుర్రవాడు. మంచి గొంతు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం తీశారు. దేవుడి పిల్లలమైతే మనం ఆయన ఆస్తికి వారసులం, క్రీస్తుకి తోటి వాటాదారులం అని పౌలు చెప్పే చోటు. అక్కణ్ణించి ఆయన ఊపందుకున్నారు. రాజుగారి పిల్లలు అద్దె ఇంట్లో ఉంటారా? రాజుగారి పిల్లలు షేర్ ఆటోలో వేలాడతారా? మీ వాటా మీరు అడగండి, నోరు తెరిచి అడగండి! సొంతిల్లు, కారు, పిల్లాడికి అమెరికా వీసా. ఒక్కో వస్తువు పేరు చెప్పడం, షామియానా మొత్తం ఆమెన్ అనడం. వేలంపాటలా ఉందనుకుంటూ కూర్చున్నాను.

ఆ వచనానికి రెండో సగం ఒకటుంది. ఆయన మహిమలో పాలు కావాలంటే ఆయన శ్రమల్లోనూ పాలు పంచుకోవాలి. కుర్రాయన ఆ సగం చదవలేదు. షరతు ఎగ్గొట్టి ఆస్తి వివరం మాత్రమే చదివే మనుషుల్ని మా నాన్న రోజూ చూసేవాడు.

నాన్న దస్తావేజు లేఖరి. ఆ సంగతి ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాయక తప్పడం లేదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా ఒక పెంకుటింటి అరుగు మీద ఏటవాలు బల్ల పెట్టుకుని కూర్చునేవాడు. ఆదివారం మాత్రం సంఘ పెద్ద, కానుకల సంచీ పట్టుకునేవాడు. పంక్తి చివర బెత్తెడు జాగా మిగిలితే అక్కడ అడ్డగీత లాగేవాడు, తర్వాత ఎవరూ ఒక మాట ఇరికించకుండా. హద్దులు రాసేటప్పుడు తూర్పుతో మొదలెట్టేవాడు. తూర్పున పంట కాలువ, దక్షిణాన ఫలానావారి మాగాణి, పడమట పుంతదారి, ఉత్తరాన పోరంబోకు. కొట్టివేత ఉంటే ఆఖర్న ఎన్నో పంక్తిలో ఏ మాట కొట్టేశారో రాసి, పక్కన సంతకం చేయించేవాడు. వీలునామా అయితే రాయించుకునేవాణ్ణి తప్ప ఇంకెవర్నీ అరుగు ఎక్కనిచ్చేవాడు కాదు. కొడుకులు రోడ్డు మీదే నిలబడాలి.

ఈ అలవాటుతోనే బైబిలూ చదివేవాడు. ‘పౌలు లేఖరిరా’ అనేవాడు. రోమా ఎనిమిదిలో వారసులన్న మాట వచ్చే ముందు సాక్షుల్ని నిలబెట్టాడు చూడమనేవాడు. మనం దేవుడి పిల్లలమని ఆత్మ మన ఆత్మతో కలిసి సాక్ష్యమిస్తుందని అక్కడ ఉంటుంది. ఇద్దరు సాక్షులు. మన 1925 నాటి భారత వారసత్వ చట్టం వీలునామాకి అడిగేదీ కనీసం ఇద్దర్నే. కాకపోతే నాన్నకి ఒక చిక్కు ఉండేది. అదే చట్టం ప్రకారం, వీలునామా మీద సాక్షి సంతకం పెట్టినవాడికి అందులో రాసిన ఆస్తి చెల్లదు. మరి మన ఆత్మ సాక్షీ అయి, వాటాదారూ ఎలా అవుతుంది? దీని మీద ఆయన ఇద్దరు ముగ్గురు పాస్టర్లని ఇబ్బంది పెట్టాడు. వాళ్లెవరూ వారసత్వ చట్టం చదివినవాళ్లు కారు.

ఎఫెసీ పత్రికలో ఆత్మ బయానా అవుతుంది. పూర్తి సొత్తు చేతికొచ్చే దాకా ముందుగా ముట్టిన సొమ్ము. గలతీ పత్రికలో వారసుడు మైనరు. ఆస్తంతా తనదే అయినా తండ్రి పెట్టిన గడువు వచ్చేవరకు సంరక్షకుల చేతికింద ఉంటాడు, చూసేవాళ్లకి నౌకరుకీ వాడికీ తేడా తెలియదు. హెబ్రీ పత్రికలోనైతే వీలునామా రాసినవాడు పోతేగాని అది అమలుకి రాదన్న సూత్రం అచ్చంగా ఉంది. ఇవన్నీ అరుగు మీద రోజూ వినపడే మాటలే.

అన్నిటికంటే నాన్నకి ఇష్టమైంది దత్తత. రోమా చట్టంలో దత్తు వెళ్లినవాడికి పాత ఇంటితో లెక్క తెగిపోయి, కొత్త ఇంట్లో కన్నకొడుకుతో సమానంగా హక్కు వస్తుంది. అగస్టస్ చక్రవర్తి అలా వచ్చినవాడే, జూలియస్ సీజరు తన వీలునామాలో అతన్ని దత్తు తీసుకున్నాడు. పౌలు రోమా సంఘానికి ఉత్తరం రాసేనాటికి గద్దె మీదున్న నీరో కూడా దత్తుడే. క్లాడియస్ సొంత కొడుకు బ్రిటానికస్ ఉండగానే 50వ సంవత్సరంలో నీరోని తెచ్చి పెట్టుకున్నాడు. ఆ ఊళ్లో బానిసలూ కూలీలూ ఒకరి ఇంట్లో గుమిగూడి ఆ ఉత్తరం చదివించుకుంటున్నారు. మీరూ దత్తులే, మీ తండ్రి ఇంతకంటే పెద్దవాడు అని విన్నప్పుడు వాళ్లకి ఎట్లా ఉండి ఉంటుందో నాన్న ఊహించి చెప్పేవాడు. ఆ చెప్పడంలో పాస్టర్లెవరూ ఆయనకి సాటి రాలేదు.

ఇంత కట్టుదిట్టమైన దస్తావేజుని తీసుకెళ్లి కార్ల షోరూములో తాకట్టు పెట్టారే అన్నది శనివారం నా కోపం. పేతురు మొదటి పత్రికలో ఆ ఆస్తి చెడనిది, మాయనిది, వాడనిది, పరలోకంలో భద్రంగా ఉన్నది. అక్కడే ఉండనివ్వక కిందికి లాగడమెందుకు? మా ఒంగోలు వైపు పాతతరం విశ్వాసులు అలా లాగలేదు. 1876–78 కరువు వెళ్లాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు పనికి బకింగ్‌హామ్ కాలువ కాంట్రాక్టు తీసుకుని వాళ్లకి కూలి ఇప్పించిన మిషనరీ క్లౌ దొర, గింజల కోసం వస్తున్నారన్న మాట పడకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా వచ్చారు. ఎక్కువమంది మాదిగలు. పేరు మీద సెంటు భూమి లేనివాళ్లు. మా ముత్తాతా వాళ్లలో ఒకడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. వాళ్లకి ఎవరూ కారు ఇస్తాననలేదు. నీకు పైన వాటా ఉందన్నారు, నమ్మారు, చాలనుకున్నారు.

ఇక్కడిదాకా రాసి కాలమ్ పంపించేస్తే బాగానే ఉండేది. చాలనుకున్నారన్న ముక్క దగ్గర మా పెద్దత్తయ్య అడ్డొచ్చింది.

అత్తయ్య నాన్నకి అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు. మిషన్‌లో బైబిల్ ఉమన్‌గా చేరింది. తెల్లచీర, నల్ల గొడుగు, గుడ్డసంచీలో బైబిలూ కీర్తనల పుస్తకమూ. మధ్యాహ్నం పూట, కూలి నుంచి ఆడవాళ్లు ఇళ్లకొచ్చే వేళకి పల్లెల్లోకి వెళ్లేది. వాళ్లు గంజి తాగుతుంటే పక్కన కూర్చుని, మీరు దేవుడి ఆస్తికి వారసులమ్మా అని చెప్పేది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సహాయానికి వెళ్లినవాళ్లతో వెళ్లి, వచ్చేటప్పుడు ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల తరఫువాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ‘వదిన అని పిలవరా’ అని అమ్మ నాకు చెప్పింది. నాకంటే పెద్దది, అలాగే పిలిచాను, ఇప్పటికీ పిలుస్తున్నాను.

తాతయ్య మిషన్ బడి పంతులు. జీతంలో మిగిల్చి మూడెకరాల మాగాణి కొన్నాడు. వీలునామా రాయకుండానే పోయాడు. నానమ్మ అంతకుముందే పోయింది. క్రైస్తవులకి వర్తించే 1925 చట్టంలో ఈ లెక్క తేలిక. భార్య లేకపోతే ఆస్తి పిల్లలందరికీ సమానం. కొడుకనీ కూతురనీ తేడా లేదు. మన రాష్ట్రంలో హిందూ ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా వచ్చింది 1985 సెప్టెంబరులో. తిరువాన్కూరు సిరియన్ క్రైస్తవుల ఆడపిల్లలు కొడుకు వాటాలో నాలుగో వంతో, అయిదు వేలో, ఏది తక్కువైతే అదే తీసుకోవాల్సిన పాత చట్టం నుంచి బయటపడింది 1986లో, మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక. మా అత్తయ్యకి ఆ పోరాటం అక్కర్లేదు. ఇద్దరు తమ్ముళ్లూ తనూ, తలా ఒక ఎకరం. అంతే.

అయితే ఆమె తర్వాత ఆ ఎకరం ఎవరికి? అన్నదమ్ములకి పట్టుకున్న బెంగ అదీ. అత్తయ్య ఒక్క వీలునామా రాస్తే ఉప్పెనలో దొరికిన పిల్లకి పోతుంది. దత్తత కుదరదు. 1956 దత్తత చట్టం హిందువులకీ బౌద్ధులకీ జైనులకీ సిక్కులకీ తప్ప మనకి లేదు. అప్పటికి మనకున్నదల్లా 1890 నాటి గార్డియన్ చట్టం. పిల్ల మేజరైతే ఆ బంధం చెల్లు. ఏ మతంవాళ్లయినా బాలల చట్టం కింద దత్తు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది 2014లో. పౌలు రాసిన దత్తతని ప్రతి ఆదివారం చదివే జనానికి ఒక్క పిల్లని దత్తు తీసుకునే దారి అన్నేళ్లపాటు లేదు.

హక్కు విడుదల దస్తావేజు రాద్దామన్నారు. మా బాబాయి కీర్తనలు బాగా పాడేవాడు. ‘అక్కయ్యా, ఈ మట్టి నీకెందుకు? నీ స్వాస్థ్యం పైనుందిగా’ అన్నాడు. నాన్న ఏమీ అనకుండా కాగితం తీశాడు. తూర్పు హద్దు దగ్గర మొదలెట్టాడు. పంక్తి చివర అడ్డగీతలు. ముట్టవలసినది ముట్టినది గనుక అని రాశాడు, ముట్టింది ఏమీ లేదు. అత్తయ్య మొత్తం చదివి, ప్రతి కాగితం కిందా సంతకం చేసి, కలానికి మూత పెట్టి ఇస్తూ, ‘పైనున్నదాని కాగితం మాత్రం నీతో రాయించుకోనురా తమ్ముడూ’ అంది.

అది హాస్యమని అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ తర్వాత ఆయన దత్తత మీద వాక్యం చెప్పగా నేను వినలేదు.

అందుకని కుర్ర పాస్టరుగారి మీద నా కోపం ఇప్పుడు వేరే చోటికి జరిగింది. ఆ షామియానా వెనక వరసల్లో ఆమెన్ గట్టిగా అన్నవాళ్లు మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ మీద ఊడ్చే ఆడవాళ్లు. ఇల్లు అన్నప్పుడు వాళ్ల గొంతు లేచింది, కారు అన్నప్పుడు అంతగా లేవలేదు. సొంతిల్లు అడగడం ఆశపోతుతనమని అనడానికి, మూడెకరాల మాగాణి ఉన్న ఇంట్లో పుట్టిన నాకు నోరు రావడం లేదు. అయినా ఆస్తిని కిందికి దించమని అడగడం బైబిల్లో కొత్తేమీ కాదు. సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందు జనం మధ్య నిలబడి, మా నాన్నకి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు పోవాలా, మాకు భూమి ఇవ్వమని అడిగారు. దేవుడు వాళ్లు చెప్పింది న్యాయమన్నాడు. మీ స్వాస్థ్యం పైనుందమ్మా అనలేదు. (తర్వాత గోత్రపెద్దలు వచ్చి, వీళ్లు వేరే గోత్రంలో పెళ్లాడితే భూమి పోతుందని మెలిక పెట్టించారు. బాబాయిలు ఆ కాలంలోనూ ఉన్నారు.)

పాస్టరుగారు తప్పిపోయిన చోటు, నాకు ఇప్పుడు తోస్తున్నంతవరకు, తోటి వారసులన్న ముక్క. ఆయన చెప్పిన రాజుగారింట్లో ప్రతివాడూ ఏకైక సంతానమే. నా ఇల్లు, నా కారు, నా వీసా. పక్క కుర్చీలోవాడికీ అదే ఇంట్లో వాటా ఉందన్న మాట ఎక్కడా రాలేదు. మా బాబాయి పాటల్లోనూ రాలేదు. ఆయన పైన ఉంచాడు, ఈయన కిందికి దించాడు. అక్క వాటా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

నాన్న వాటాగా వచ్చిన ఎకరంన్నర ఇప్పుడు నా పేరున ఉంది. అందులో అరెకరం అత్తయ్యది. అత్తయ్య పోయింది. వదిన ఖమ్మంలో నర్సుగా చేస్తోంది. ఈ సోమవారం రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర కనుక్కున్నాను. ఇప్పుడు అరుగులూ బల్లలూ లేవు, కంప్యూటరు ముందు ఒక అబ్బాయి. గిఫ్టు డీడు చేసుకోవచ్చన్నాడు. కుటుంబ సభ్యులకైతే స్టాంపు డ్యూటీ తక్కువ, బయటివాళ్లకైతే ఎక్కువ. ‘ఆవిడ మీకేమవుతారు సార్?’ అన్నాడు. వదిన అన్నాను. ‘అన్నయ్యగారి భార్యా?’ కాదు, మేనత్త కూతురు. ‘ఎలాగూ ఫ్యామిలీ కిందకి రారు సార్. మేనత్తగారి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఈవిడ పేరుందా?’ లేదన్నాను. ‘అయితే పూర్తిగా బయటి మనిషే’ అని కొట్టాడు.

సాయంత్రం వదినకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏవో లెక్కలడిగింది. భూమి కౌలుకిచ్చావా, ఎవరికి, ఎంతకి అని. తర్వాత, ‘సరే అబ్బాయ్, పాసుపుస్తకం జిరాక్సు వాట్సాప్‌లో పెట్టు. ఆ పై డ్యూటీ ఎవరు కడతారు, నువ్వా నేనా?’ అంది.