పాడుబడిన ఊరా, పాడుపెట్టిన ఊరా?

సహారా ఎడారిలో శిథిలమైన ఊరొకదాన్ని చూడడం కోసం ప్రాణాలిచ్చిన ఫ్రెంచి యువకుడి పుస్తకం గురించి కొన్నేళ్ళ కిందట గోదావరిఖనిలో వొక అధ్యయన తరగతిలో మాట్లాడాను. మాట్లాడాననడం కంటే పొగిడానంటే సరిపోతుంది. మిషెల్ వ్యూషాంజ్ దినచర్య అది, పేరు 'స్మారా'. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు అనువాదం. సంకల్పబలం, వొంటరితనం, శరీరాన్ని జయించిన మనసు - ఇలాంటి మాటలన్నీ వాడాను. గంటసేపు మాట్లాడి కూర్చున్నాక వెనక వరసలోంచి వొక కుర్రవాడు లేచి, "సార్, ఆ ఊరును పాడువెట్టిందెవలు?" అని అడిగాడు.

పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి. జవాబు లేదు. ఎడారి ఊళ్ళు కాలక్రమంలో అలా పాడుబడుతూ వుంటాయని ఏదో అన్నాను. అతను వెంటనే కూర్చోలేదు. "మా ఊరు గూడ పాడువడ్డదనే అంటరు సార్. ఓపెన్‌కాస్టు కింద పోయింది" అని చెప్పి అప్పుడు కూర్చున్నాడు.

ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. ఇందులో వ్యూషాంజ్ మీద విమర్శ ఎంత వుందో నా మీద నాకున్న విమర్శ కూడా అంతే వుంది.

మన భాషలో ఈ రెండు క్రియల మధ్య తేడా చిన్నది కాదు. ఊరు పాడుబడింది అంటే కర్త ఊరే. ఎవరూ ఏమీ చేయలేదు, అదే పడిపోయింది. ఊరిని పాడుపెట్టారు అన్నప్పుడు ఎవరు అని అడగక తప్పదు. శిథిలాల గురించి వచ్చిన యాత్రా సాహిత్యంలో చాలా భాగం మొదటి క్రియతోనే బతుకుతోంది. గాలి, ఇసుక, కాలం - ఈ మూడూ వుంటే చాలు, మనుషుల ప్రసక్తి రాదు. పాఠకుడు నిట్టూర్చి పుస్తకం మూసేస్తాడు. నేనూ అలాగే మూశాను.

సంగతులు ముందు చెప్పుకుందాం. వ్యూషాంజ్ 1904లో పుట్టాడు. 1930 సెప్టెంబరులో దక్షిణ మొరాకోలోని తిజ్నిత్ నుంచి బయలుదేరాడు. స్మారా అప్పటికి కాగితం మీద స్పెయిన్ వలస కింద వుంది. నేల మీద మాత్రం ఏ యూరోపియన్ పెత్తనానికీ లొంగని తెగల చేతుల్లో వుంది. అందుకని బెర్బర్ స్త్రీ వేషం వేసుకున్నాడు. వారాల తరబడి వొక గదిలో దాక్కున్నాడు. కొంత దూరం వొంటె మీద గంపలో ముడుచుకుని సరుకులా ప్రయాణం చేశాడు. నవంబరు 1న స్మారా చేరాడు. అక్కడ వున్నది సుమారు మూడు గంటలు. తిరుగుదారిలో విరేచనాలతో కుంగిపోయి నవంబరు 30న అగదీర్‌లో చనిపోయాడు. ఇరవయ్యారేళ్ళు. వైద్యుడైన అన్నదమ్ముడు ఝాన్ ఆ దినచర్యను 1932లో అచ్చువేయించాడు. దానికి ముందుమాట రాసింది పాల్ క్లోదెల్.

రెండోసారి చదివినప్పుడు కూడా నేను చేయని పని వొకటుంది, లెక్క వేసుకోవడం. స్మారాకు పునాది పడింది 1898లో. అంటే ఆ 'ప్రాచీన రహస్య నగరం' వ్యూషాంజ్ కంటే ఆరేళ్ళు మాత్రమే పెద్దది. దాన్ని కూల్చింది 1913లో. అతను చేరేనాటికి శిథిలాల వయసు పదిహేడేళ్ళు. మన ఊళ్ళలో పదిహేడేళ్ళ కిందట కూలిన గోడను ఎవరూ ప్రాచీనం అనరు. దాన్ని కూల్చినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది.

ఆ ఊరిని కట్టించింది షేక్ మా అల్ ఐనైన్. మతగురువు, పండితుడు, ఫ్రెంచి చొరబాటును ఎదిరించినవాడు. ఉత్తరానికీ దక్షిణానికీ నడిచే బిడారులకు మజిలీగా, విద్యాకేంద్రంగా, ఎదిరింపుకు స్థావరంగా దాన్ని తలపెట్టాడు. మొరాకో సుల్తాను పనివాళ్ళను, సామగ్రిని పంపాడు. సామగ్రి ఓడల మీద తర్ఫాయా రేవుకు వచ్చి, అక్కడినుంచి వొంటెల మీద ఎడారిలోకి చేరింది. రాతి కోట, మసీదు, ఖర్జూర తోట, గ్రంథాలయం. షేక్ 1910లో తిజ్నిత్‌లో చనిపోయాడు. 1913లో మారిటానియా వైపునుంచి కల్నల్ మూరే నడిపిన ఫ్రెంచి దళం వచ్చి ఖాళీగా వున్న ఊరిమీద పడింది. కట్టడాలు దెబ్బతిన్నాయి, గ్రంథాలయం నాశనమైంది. పాడుపెట్టింది వీళ్ళు. ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు వొక్క వాక్యంలో అయిపోతుంది. దానికోసం నాకు ఇన్నేళ్ళు పట్టింది.

షేక్‌ను మహాపురుషుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. సహారా తెగల సమాజం బానిసలను పోషించిన సమాజం. తోటల్లో, బావుల దగ్గర, మందల వెనక బానిసల చాకిరి వుంది. వలసవాదాన్ని ఎదిరించినంత మాత్రాన ఆ చాకిరి మాసిపోదు. కాని ఊరు కూలింది ఆ బానిసల తిరుగుబాటువల్ల కాదు, ఫ్రెంచి సైన్యంవల్ల.

ఇప్పుడు పుస్తకంలోకి వద్దాం. వ్యూషాంజ్‌ను నడిపించినవాళ్ళు ఇందులో పిలుపు పేర్లతో కనిపిస్తారు. వొకడు మహబూల్, అంటే పిచ్చివాడు. ఇంకొకడు షిబానీ, అంటే ముసలాడు. పట్టుబడితే వీళ్ళ ప్రాణాలకూ ముప్పే. అయినా పేజీ పేజీకీ వీళ్ళు రచయిత కోపానికి గురవుతూ వుంటారు. ఆలస్యం చేస్తారు, డబ్బు అడుగుతారు, మాట మారుస్తారు. అతని పాదాల పుండ్లు మనకు గీత గీతగా కనిపిస్తాయి. పక్కన నడిచేవాళ్ళ పాదాలు వొక్కసారి కనిపించవు. మొదట్లో తోడు నడిచిన స్త్రీలు లేకపోతే అతని వేషం వొక్క రోజు నిలిచేది కాదు. వాళ్ళు వేషంలో భాగంగానే మిగిలిపోయారు, మనుషులుగా పుస్తకంలోకి రాలేదు.

ఇది రచయిత దుర్మార్గం కాదు, అతని దృక్పథం. అతనికి కావలసింది మనుషులు లేని ఊరు. స్మారా నిండుగా వుండి, అంగడి నడుస్తూ, పిల్లలు పలకలమీద అక్షరాలు దిద్దుతూ వుంటే ఈ పుస్తకం పుట్టేది కాదు. శిథిలం కావడం అతని కలకు ముందు షరతు. ఆ షరతును నెరవేర్చిపెట్టింది అతని దేశపు సైన్యమే. ముందు తుపాకీ వచ్చి ఊరిని ఖాళీ చేస్తుంది, వెనక కవి వచ్చి ఆ ఖాళీని చూసి పరవశిస్తాడు. ఇద్దరూ వొకరినొకరు కలవనక్కరలేదు. క్లోదెల్ ముందుమాటతో ఈ పని పూర్తయింది. ఆయన కవి మాత్రమే కాదు, అప్పుడు అమెరికాలో ఫ్రెంచి రాయబారి. ఆయన చేతిలో వొక వలస భూభాగంలోని దొంగ ప్రయాణం ఆత్మ సాధనగా మారింది.

సాహిత్యాన్ని చరిత్ర పాఠంలా చదివితే ఎలా అని వొక మిత్రుడు అన్నాడు. శరీరం వొడిలిపోతున్నా రాసిన ఆ వాక్యాల నిజాయితీని కాదనగలవా అన్నాడు. కాదనను. జ్వరంతో, దాహంతో, గదిలో బందీగా గడిపిన రోజుల పేజీలు ఈనాటికీ నన్ను పట్టి కూర్చోబెడతాయి. గొప్ప కోసం రాసిన పేజీలు కావవి. కాని తన బాధ గురించి నిజాయితీ వుండడం వేరు, తాను చూస్తున్న ప్రపంచం గురించి నిజాయితీ వుండడం వేరు. మొదటిది వున్నంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. ఈ తేడా చెప్పకపోవడమే ఆనాటి నా ఉపన్యాసంలో తప్పు.

మరో రకంగా రాయడం సాధ్యమా అంటే, వ్యూషాంజ్‌కు దాదాపు ఆరు వందల ఏళ్ళ ముందే వొకాయన రాశాడు. ఇబ్న్ బతూతా 1352లో సిజిల్మాసా నుంచి బిడారుతో బయలుదేరి ఇరవయ్యయిదు రోజులకు తగాజా చేరాడు. ఉప్పు గనుల ఊరు. ఇళ్ళు, మసీదు ఉప్పు దిమ్మెలతో కట్టారు, పైకప్పు వొంటె చర్మం. చెట్టు లేదు. ఈ వింత ఎవరైనా రాస్తారు. ఆయన ఆ వెంటనే రాసింది వేరే: అక్కడ వున్నది మసూఫా తెగవాళ్ళ బానిసలు మాత్రమేనని, ఉప్పు తవ్వేది వాళ్ళేనని, వాళ్ళ తిండి ఖర్జూరాలు, వొంటె మాంసం, దక్షిణంనుంచి వచ్చే చిరుధాన్యం అని. అక్కడినుంచి వలాతా వెళ్ళాడు. వొంటె మోసే ఉప్పు వలాతాలో ఎనిమిదినుంచి పది మితకాల్‌ల బంగారం పలుకుతుందని, మాలి రాజధానిలో అదే ఉప్పు ఇరవైనుంచి ముప్పై, వొక్కోసారి నలభై కూడా పలుకుతుందని లెక్క రాశాడు.

చూడండి, నాలుగు వాక్యాల్లో ఎడారి వ్యాపారం మొత్తం వచ్చేసింది. తవ్వేవాడెవడు, వాడు తినేదేమిటి, సరుకు ఎక్కడ ఎంత. నాకు అర్థశాస్త్రం చెప్పిన పుస్తకాలు కొన్ని ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఇబ్న్ బతూతా అభ్యుదయవాది కాడు. రాజాస్థానాల్లో కానుకలు లెక్కపెట్టుకునే ఖాజీ. వలాతాలో ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళతో స్నేహంగా మాట్లాడడం చూసి విసుక్కున్నాడు. తిరుగు ప్రయాణంలో తాను కలిసిన బిడారులో ఆరు వందలమంది బానిస స్త్రీలున్నారని రాసినప్పుడు ఆయన గొంతు ఏమాత్రం వణకలేదు. అయినా ఆ ఆరు వందల అంకె వేశాడు. ఆయన ఊళ్ళు బతికివుండగా వెళ్ళాడు, పనిని చూశాడు, ధర అడిగాడు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి దారి పొడుగునా చేసింది కూడా ఇలాంటి పనే.

ఎడారి వర్తకపు ఊళ్ళను ఇసుక మింగిందనే మాట సహారా పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఇసుక నిజమే. అయితే పోర్చుగీసులు పదిహేనో శతాబ్దంలో అట్లాంటిక్ తీరాన ఆర్గిన్‌లో కోట కట్టారు. 1487లో ఎడారి లోపల వదాన్‌లోనే వర్తక స్థావరం పెట్టారు. బంగారం, బానిసలు ఇసుక దారి విడిచి ఓడల దారి పట్టడం మొదలైంది. బిడారులు పలచబడిన ఊరిలో గోడ బాగుచేసేవాడికి కూలి ఇచ్చేదెవరు? ఇసుక ఆ తర్వాత వస్తుంది. దక్కన్‌లో చెరువుకు గండి పడ్డ ఊరు చూసినవాళ్ళకు ఈ వరస కొత్త కాదు.

స్మారా కథ 1930తో ఆగి వుంటే ఈ వ్యాసం పాత పుస్తకం మీద తగాదాగా మిగిలేది. 1934లో స్పెయిన్ ఆ ఊరిని ఆక్రమించింది. 1973లో పొలిసారియో ఫ్రంట్ పుట్టింది. 1975 అక్టోబరులో అంతర్జాతీయ న్యాయస్థానం మొరాకోకు గాని మారిటానియాకు గాని ఆ నేలమీద సార్వభౌమత్వ సంబంధం కనిపించలేదని, ప్రజలకు స్వయంనిర్ణయ హక్కు వుందని అభిప్రాయం చెప్పింది. నెల తిరగకుండానే మొరాకో లోపలికి నడిచింది. స్పెయిన్ ఒప్పందం మీద సంతకం పెట్టి తప్పుకుంది. తర్వాత పదహారేళ్ళ యుద్ధం. ఎనభైలలో మొరాకో సైన్యం దాదాపు రెండు వేల ఏడు వందల కిలోమీటర్ల ఇసుక గోడ కట్టి, పక్కనే మందుపాతరలు పాతింది. స్మారా గోడకు లోపలే వుంది. అక్కడినుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు అల్జీరియాలో తిందూఫ్ దగ్గర గుడారాల్లో దిగి, వొక్కో శిబిరానికి తాము పోగొట్టుకున్న వొక్కో ఊరి పేరు పెట్టుకున్నారు. అందులో వొకటి స్మారా. 1991లో కాల్పులు ఆగాయి, జరుపుతామన్న ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు, 2020 నవంబరులో కాల్పులు మళ్ళీ మొదలయ్యాయి. శిబిరాల్లో పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు.

మనకేం సంబంధం అనేవాళ్ళకు వొక మాట. భారత ప్రభుత్వం 1985లో సహ్రావీ రిపబ్లిక్‌ను గుర్తించింది. 2000లో ఆ గుర్తింపు ఉపసంహరించుకుంది. బూక్రా గనినుంచి వంద కిలోమీటర్ల మేర బెల్టు మీద సముద్రానికి చేరే ఫాస్ఫేట్‌ను కొన్న దేశాల్లో మన దేశం కూడా వుంది. ఈ రెంటికీ సంబంధం వుందో లేదో పాఠకులు ఆలోచించుకోవచ్చు.

వీపున సంచీ తగిలించుకుని ఆ వైపు వెళ్ళే ఈనాటి కుర్రవాళ్ళను నేను వెక్కిరించను. చూడాలనే కోరిక మంచిది, నాకూ వుండేది. కాని వాళ్ళ రాతల్లో 'పటంలో లేని చోటు', 'మనిషి అడుగుపడని నిశ్శబ్దం' అన్నమాటలు చూసినప్పుడల్లా వ్యూషాంజ్ గంపలోంచి తల బయటపెట్టినట్టే వుంటుంది. ఆ నిశ్శబ్దం కోసం ఎంతమందిని గోడ అవతలికి నెట్టారో ఆ పేజీలో రాదు.

అవతల వున్నవాళ్ళు మాత్రం నిశ్శబ్దంగా లేరు. హసనియా భాషలో నోటితో కట్టి నోటితో అందించే కవిత్వం అక్కడ రాత కంటే బలమైనది. అల్ ఖద్రా మబ్రూక్ అనే కవయిత్రి శిబిరాల్లో పోరాటం మీద కవిత్వం చెప్పింది. స్పానిష్‌లో రాసే సహ్రావీ కవులు 2005లో మాడ్రిడ్‌లో వొక బృందంగా ఏర్పడ్డారు. వలసదొర భాషను పట్టుకుని వాళ్ళేం చేస్తున్నారో వేరే వ్యాసంలో రాయాలి. స్పానిష్ వచ్చిన తెలుగువాళ్ళు ఎవరైనా పూనుకుంటే ఇంకా మంచిది.

గోదావరిఖని తరగతికి మళ్ళీ రమ్మన్నారు. అదే పుస్తకం పట్టుకెళుతున్నాను. ఈసారి 1913 దగ్గర మొదలుపెడతాను. ఆ కుర్రవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టమని, వాళ్ళ ఊరి పేరు కూడా కనుక్కుని వుంచమని మిత్రులకు ఉత్తరం రాశాను. ఆ రోజు అడగడం మరిచిపోయాను.