హ్యాండిల్ చివర పావుకిలో

కొత్త బండి ఇంటికొచ్చిన వారంలోపే కుర్రాళ్ళు చీర గార్డు పీకించేస్తారు. ఆ తర్వాత అద్దాల పని పడతారు. హ్యాండిల్ రెండు చివర్లా ఉండే వెయిట్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. స్టాండు జారి బండి పక్కకు పడినప్పుడో, గతుకుల రోడ్డు మీద ఒకటి ఎక్కడో రాలిపోయినప్పుడో తెలుస్తుంది, అక్కడొక ఇనప ముక్క ఉండేదని. అప్పుడైనా సోకు కోసం పెట్టిందేలే అనుకుని, నోరు తెరుచుకున్న గొట్టంతోనే ఏళ్ళ తరబడి తిరిగేసేవాళ్ళు బోలెడుమంది.

సోకు కోసం కాదు. అసలు కారణం ఇంజనులో ఉంది. సింగిల్ సిలిండర్ బండిలో పిస్టన్ పైకి వెళ్ళి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది. ఆ ఊపంతా చట్రానికి తగులుతుంది. దాన్ని తగ్గించడానికి క్రాంకుకు ఎదురు బరువు పెడతారు గానీ, అది ఆ ఊపును పూర్తిగా చంపలేదు. కొంత తగ్గించి, తగ్గించిన మేరకు ముందుకూ వెనక్కూ మళ్ళిస్తుంది, అంతే. 1955 నుంచి మద్రాసులో తయారైన పాత బుల్లెట్ 350నే తీసుకోండి. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, అంత పొడుగు స్ట్రోకుకు బ్యాలెన్సర్ షాఫ్టన్నది లేదు. 2020లో మీటియర్ 350తో వచ్చిన కొత్త ఇంజనులో గానీ ఎన్‌ఫీల్డ్ తన 350 బళ్ళకు ఆ షాఫ్టు పెట్టలేదు. ఈలోపు ఎన్ని చేతులు తిమ్మిరెక్కాయో బుల్లెట్ నడిపినవాళ్ళకే తెలుసు.

ఇంజను నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతోందంటే హ్యాండిల్‌కు సెకనుకు 70 సార్లు దెబ్బ తగులుతున్నట్టు. హ్యాండిలంటే మధ్యలో బిగించి, రెండు చివర్లూ గాల్లో వదిలేసిన గొట్టం. దానికీ సొంతంగా ఒక ఊపు ఉంటుంది. ఇంజను వేగం ఆ ఊపుతో కలిసిన చోట గ్రిప్పు జుమ్మంటుంది, అద్దంలో వెనక లారీ రెండుగా కనిపిస్తుంది. చివర బరువు పెడితే గొట్టం సొంత ఊపు నెమ్మదిస్తుంది. చివర కదిలే బరువు నాలుగింతలైతే ఊపు సగానికి పడుతుంది. అప్పుడు మనం రోజూ నడిపే వేగంలో ఇంజను ఎంత కొట్టినా ఆ బరువు అంత వడిగా కదలనంటుంది. చెయ్యి పట్టుకునే చోట వణుకు తగ్గుతుంది.

పొలాల మీదుగా వెళ్ళే హైటెన్షన్ తీగలకు టవర్ల దగ్గర డంబెల్స్ లాంటివి వేలాడుతుంటాయి, చూసే ఉంటారు. గాలికి తీగ సన్నగా వణికి వణికి తెగిపోకుండా 1920లలో అమెరికాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీరు కనిపెట్టినవి అవి. అక్కడ బరువును చిన్న ఉక్కు తాడుకు తగిలిస్తారు, ఆ తాడు వంగుతూ వణుకును తినేస్తుంది. హోండా కొన్ని మోడళ్ళలో హ్యాండిల్ గొట్టం లోపల రబ్బరు తొడిగిన బరువు పెట్టడం కూడా ఈ బాపతు ఆలోచనే. లైన్‌మన్‌కీ మెకానిక్‌కీ ఒకే వైద్యం పనికొచ్చిందన్నమాట.

అయితే ఒక మెలిక ఉంది. వెయిట్ వణుకును మాయం చేయదు, వేరే వేగానికి జరుపుతుంది. ఎనభైలో జుమ్మనే బండి వెయిట్ మార్చాక అరవైలో జుమ్మనవచ్చు. ఊళ్ళో తిరిగే బండికి అది నష్టమే. అందుకే ఎంత బరువైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ నడవదు. మీరు ఎక్కువసేపు ఏ వేగంలో ఉంటారో అక్కడ చెయ్యి హాయిగా ఉండాలి. మరీ బరువు పెడితే స్టీరింగ్ కూడా మందకొడిగా తిరుగుతుంది.

ఇక యాక్సెసరీ షాపుల సంగతి. ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో మెరిసే బార్ ఎండ్‌లు అద్దాల పెట్టెలో ఊరిస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం అల్యూమినియం. 35 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవున్న నిండు దిమ్మను అల్యూమినియంతో చేస్తే సుమారు 104 గ్రాములు తూగుతుంది. అదే ఉక్కుతో చేస్తే 302, ఇత్తడితో అయితే 327. పైగా షాపువి చాలావరకు లోపల డొల్ల. కాబట్టి రంగు చూసి కొనకండి, అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. లేత్ పనివాడి దగ్గర ఉక్కు రాడ్డు కోయించి, మధ్యలో బోల్టుకు రంధ్రం వేయిస్తే షాపు సరుకు కంటే నికరమైన వెయిట్ వస్తుంది. రెండూ ఒకే తూకం ఉండాలని మాత్రం ముందే చెప్పాలి. కొందరు గొట్టం నిండా సీసం గుండ్లు పోస్తారు. పని చేస్తుంది గానీ, ఇంట్లో సీసం కరిగించి పోసే సాహసం వద్దు, ఆ పొగ విషం.

బరువు దొరకడం తేలికే, అది ఊడిపోకుండా పట్టి ఉంచడమే అసలు విద్య. మామూలు హ్యాండిల్ చివర బయటి కొలత 22 మి.మీ. లోపలి కొలత మాత్రం గొట్టం దళసరిని బట్టి 13 నుంచి 18 దాకా మారుతుంది. వెర్నియర్ పెట్టి చూడకుండా కొన్నది సగం సార్లు వాపసే. గొట్టంలో వేలు పెట్టి తడిమితే కొన్నిటిలో నిలువునా సన్నటి గీత తగులుతుంది. అది అతుకు. గుండ్రటి ఆకురాయితో దాన్ని చదును చేసి, తుప్పు గీకేసి, పెట్రోలు గుడ్డతో జిడ్డు తుడిచాకే ఏదైనా లోపల పెట్టాలి. జిడ్డు మీద రబ్బరు ఎంత బిగించినా నిలవదు.

ఎక్కువ వాడకంలో ఉన్నది రబ్బరు పద్ధతి. బోల్టుకు వెయిట్, దాని వెనక రబ్బరు గొట్టం, చివర నట్టు. బోల్టు బిగిస్తుంటే రబ్బరు పొట్టిదై లావెక్కి గొట్టం గోడను అదిమి పట్టుకుంటుంది. చవక, ఎవరైనా ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఎండలకు ఏడాది రెండేళ్ళలో రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. రోడ్డు మీద రాలిపోయేవాటిలో ఇవే ఎక్కువ. రెండోది చీలిక కాలర్ పద్ధతి. నిలువునా చీలిన అల్యూమినియం కాలర్‌లోకి బోల్టు ఒక కోన్‌ను లాక్కుంటుంది, చీలిక విచ్చుకుని గొట్టాన్ని పట్టేస్తుంది. రబ్బరు కంటే గట్టి పట్టు. కానీ పల్చటి అల్యూమినియం హ్యాండిల్లో ఊరికే బిగిస్తూ పోతే గొట్టం చివర ఉబ్బుతుంది, ఆపైన గ్రిప్పు ఎక్కదు, దిగదు.

అన్నిటికంటే నికరమైనది గొట్టంలోనే మర ఉండటం. కంపెనీ హ్యాండిళ్ళలో చాలావాటికి లోపల నట్టు వెల్డింగ్ చేసి ఉంటుంది. లేకపోతే లేత్‌లో సరిగ్గా సరిపోయే దిమ్మ చేయించి, అందులో ఎం8 మర కొట్టించి, గొట్టం చివర వెల్డింగ్ పెట్టించవచ్చు. ఇది ఉక్కు హ్యాండిల్‌కే. గ్రిప్పులు తీసి, బ్యాటరీ తీగ విప్పి చేయాలి. అల్యూమినియం హ్యాండిల్‌ను వేడి చేస్తే బలం పోతుంది, దాని జోలికి వెళ్ళొద్దు.

బోల్టు విషయంలో రెండు మాటలు. మర మీద నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. ఎర్రది వేస్తే రేపు విప్పడానికి మంట పెట్టాల్సి వస్తుంది. ఎం6 బోల్టుకు 9, 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది, రాడ్డు తొడిగి కాలితో తొక్కే పని లేదు. బిగించాక బోల్టు తల మీదుగా వెయిట్ మీదకు పెయింట్‌తో సన్న గీత గీయండి. గీత తెగి పక్కకు జరిగితే బోల్టు వదులైందని స్పానర్ పట్టకుండానే తెలుస్తుంది. రబ్బరు పద్ధతి అయితే మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఒకసారి బిగించాలి.

విప్పేటప్పుడు వచ్చే తంటా వేరే. కంపెనీ స్క్రూలు మొండివి. సరిపోని స్టార్ డ్రైవర్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే చాలాసార్లు కదులుతుంది. లేదా స్క్రూ తల మీద వేడి సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే లోపలి జిగురు మెత్తబడుతుంది. స్క్రూతో పాటు లోపలి బరువూ గిర్రున తిరుగుతుంటే, వెయిట్‌ను బయటికి లాగి పట్టుకుని తిప్పాలి.

కుడి చెయ్యి వైపు మాత్రం హడావుడి పనికిరాదు. ఎడమ గ్రిప్పు కదలదు, కుడి గ్రిప్పు ఎక్సలేటర్. వెయిట్ వెళ్ళి గ్రిప్పును ఒరుసుకుందంటే ఎక్సలేటర్ తిప్పిన చోటే నిలబడిపోతుంది. బ్రేకు వేస్తున్నా బండి ముందుకే దూకుతుంది. గ్రిప్పు చివరకూ వెయిట్‌కూ మధ్య 1 నుంచి 2 మి.మీ. సందు ఉండి తీరాలి. సందు లేకపోతే బోల్టు మీద వాషర్ వేయాలి. కొత్త గ్రిప్పు చివర మూసుకుని ఉంటే బ్లేడుతో గుండ్రంగా కోయాలి, లోపలి ప్లాస్టిక్ గొట్టం చివర కూడా తెరిచి ఉందో లేదో చూడాలి. పనితనం తెలిసిన మెకానిక్ చివర్లో కుర్రాడితో అంటాడు: “ఎక్సలేటర్ ఫుల్లుగా తిప్పి వదిలెయ్‌రా. చేత్తో వెనక్కి తేకు.” ఇంజను ఆపి, హ్యాండిల్ తిన్నగా ఉంచి ఒకసారి, పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి. మూడుసార్లూ టక్కుమని వెనక్కి రావాలి. రాకపోతే పని అయిపోనట్టే, డబ్బులిచ్చి వచ్చేయకండి.

వెయిట్ వేయిస్తే అన్ని వణుకులూ పోతాయనీ కాదు. ఇంజను మౌంటింగ్ బోల్టు వదులైనా, హ్యాండిల్ క్లాంపు లూజైనా, చెయిన్ సాగినా చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ముందు అవి చూపించుకోండి. గంటల తరబడి వణుకు పట్టుకునేవాళ్ళ చేతుల సంగతిని వైద్యులు ఏనాడో గుర్తించారు. 1918లో అమెరికాలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి క్వారీల్లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరీక్షించిన కార్మికుల వేళ్ళు చలికి పాలిపోయి, మొద్దుబారిపోయేవి. కారణం వాళ్ళు పట్టుకునే గాలి సుత్తులు. బండి అంత ఘోరం కాదు. కానీ రోజంతా డెలివరీల మీద తిరిగే కుర్రాడికి చేతి తిమ్మిరి చిన్న విషయం కాదు.

వెయిట్ రాలిపోయి కొత్తది వెంటనే దొరకకపోతే, కనీసం గొట్టం నోటికి గట్టి రబ్బరు బిరడా అయినా పెట్టించండి. సైకిల్ హ్యాండిల్ గుచ్చుకుని పిల్లల పొట్ట గోడ చిట్లే గాయానికి వైద్యంలో హ్యాండిల్‌బార్ హెర్నియా అని పేరే ఉంది. రేసు బళ్ళకూ హ్యాండిల్ చివర్లు మూసి ఉండాలన్నది నిబంధన. బండి పడినప్పుడు ఆ గొట్టం మీ వైపు తిరిగి ఉండవచ్చు, రోడ్డు పక్కన నిలబడ్డ ఎవరి వైపైనా తిరిగి ఉండవచ్చు. ఈ పని వచ్చే సర్వీసింగ్ దాకా ఆపకండి.