చెరపడంలో ఉన్న పనితనం

ఈ వారం ఫొటో స్టూడియో కుర్రాడొకడు నా నుదుటి ముడతలతో పాటు చెంప మీది పుట్టుమచ్చ కూడా మాయం చేసి, "టచప్ ఫ్రీ సార్" అన్నాడు. పదో తరగతి సర్టిఫికెట్లో నన్ను గుర్తుపట్టడానికి సర్కారు రాసుకున్న మచ్చ అది! ముఖాలకు ఇస్త్రీ చేయడమంటే నాకు మహా మంట.

ఆ మంటలోనే హెలెన్ షెర్ఫ్‌బెక్ బొమ్మల పుస్తకం తీశాను. 1862లో హెల్సింకీలో పుట్టిన చిత్రకారిణి. నాలుగేళ్లప్పుడు మెట్ల మీంచి పడి తుంటి దెబ్బతింది, బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచింది. ఫిన్నిష్ ఆర్ట్ సొసైటీ వాళ్లు తమ బోర్డు గది కోసం స్వీయచిత్రం వేసిమ్మన్నారు. అలా అడిగించుకున్న చిత్రకారుల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. 1915లో ఏం వేసిందనుకున్నారు? వెనకంతా నలుపు. ఆ నలుపులో సమాధి రాయి మీద చెక్కినట్టు తన పేరే, పెద్ద పెద్ద అక్షరాల్లో. పాలిపోయిన ముఖం, చెంపలకు మాత్రం కాస్త ఎరుపు. పెద్దమనుషులు మీటింగుల్లో టీ తాగుతూ ఆ చూపును ఎలా భరించారో!

అసలు నేను వెతికింది 1944 నాటి ఎర్రచుక్క ఉన్న స్వీయచిత్రం కోసం. యుద్ధం మూలంగా స్వీడన్ చేరి, సాల్ట్‌షెబాడెన్‌లో హోటల్లో ఉంటూ, ఎనభై దాటిన వయసులో వరసపెట్టి తన ముఖమే వేసుకుంది. ముసలితనాన్ని దాచని మనిషంటే ఇదిగో అని ఆ కుర్రాడికి చూపించాలని నా పంతం.

తీరా పరీక్షగా చూస్తే, ముడతలు లెక్కపెట్టి గీసిన బొమ్మ కాదది. ఒక కన్ను దాదాపు లేదు. నోరు చిన్న మరక, కింది పెదవి మీద ఎర్రచుక్క. షెర్ఫ్‌బెక్ రంగు వేసేది, కత్తితో గీకేది, తుడిచేది, మళ్లీ వేసేది. కొన్నిచోట్ల కాన్వాసు నేత బయటపడేదాకా గీకింది. కుర్రాడి కంటే పెద్ద టచప్పే! కాకపోతే వాడికి ఎవరొచ్చి కూర్చున్నా చెరపాల్సినవి ముందే తెలుసు. ఈమె గీకుతూ గీకుతూ తెలుసుకుంది.

కాబట్టి నాకు చెరపడంతో పేచీ లేదు. ఇంకో మాట, పండితులు తిట్టుకున్నా సరే: ఆ ఎర్రచుక్కను కూడా గీకేసి ఉంటే బొమ్మ ఇంకా బాగుండేది.