బొమ్మ వెనుక రెండు వాక్యాలు

ఛాయాచిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా తనంతట తాను చెప్పగలిగింది తక్కువ. ఒక మనిషి ముఖం, ఒంటి మీది బట్ట, వెనుక గోడ, ఆ గోడ మీద పడిన ఎండ, ఇంతవరకే అది చూపగలుగుతుంది. ఆ మనిషి పేరేమిటి, ఊరేది, అది ఏ సంవత్సరం, ఆ రోజు అక్కడికి కెమెరా ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు బొమ్మ వెనుక ఎవరో ఓపికగా రాసిపెట్టిన రెండు వాక్యాల్లోనే దొరుకుతుంది. పత్రికా కార్యాలయాల్లో వీటిని ఫోటో వ్యాఖ్య, క్యాప్షన్ అంటారు. గ్రంథాలయాల్లో ఆ వాక్యాలను ఆధారంగా చేసుకుని, ఒక్కొక్క చిత్రానికి సంఖ్య వేసి, దాని గురించి తెలిసినది వరుసగా నమోదు చేసే పనిని సూచీకరణ అంటారు. మంచి ఫోటో తీసిన వారి పేరు లోకానికి తెలుస్తుంది గాని, ఆ ఫోటోను వందేళ్ల తర్వాత కూడా చదవడానికి వీలుగా నిలిపి ఉంచిన ఈ రెండు పనులు చేసిన వారి పేర్లు సాధారణంగా ఎవరికీ తెలియవు. అది న్యాయం కాదు.

ఈ పని విలువ, అందులో జరిగే లోపాల తీవ్రత, రెండూ ఒకేచోట కనిపించే భాండాగారం అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల, దానికి తోడు మైదాన ప్రాంతాలను ఎండగట్టిన కరవు, ధూళి తుఫానుల వల్ల లక్షలాది సేద్యగాళ్లు నేల విడిచి వలస పోతున్న కాలంలో, వారిని ఆదుకోవడానికి 1935లో అక్కడి ప్రభుత్వం పునరావాస సంస్థను నెలకొల్పింది. 1937లో దాన్ని వ్యవసాయ భద్రతా సంస్థగా మార్చారు. పల్లెల దుస్థితిని పట్టణాలకు తెలియజెప్పడం కోసం ఆ సంస్థలో ఏర్పాటైన చిన్న విభాగానికి కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన రాయ్ స్ట్రైకర్ అధిపతి అయ్యాడు. డొరొథియా లాంగ్, వాకర్ ఎవాన్స్, ఆర్థర్ రాథ్‌స్టీన్, రస్సెల్ లీ, మేరియన్ పోస్ట్ వాల్కాట్, జాక్ డిలానో, గోర్డన్ పార్క్స్ వంటి ఫోటోగ్రాఫర్లు వేర్వేరు కాలాల్లో ఆ విభాగం కోసం దేశమంతా తిరిగి తీసిన నలుపు తెలుపు నెగెటివ్‌లు సుమారు 1,75,000 ఆ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటితోపాటు సుమారు 1,600 రంగుల చిత్రాలు కూడా ఉన్నాయి.

స్ట్రైకర్ స్వయంగా ఫోటోగ్రాఫర్ కాడు, అయినా ఫోటో తీయడానికి ముందు ఏం తెలిసి ఉండాలో బాగా తెలిసినవాడు. పత్తి మీద ఫోటోలు తీయడానికి దక్షిణాదికి బయలుదేరుతున్న కార్ల్ మైడాన్స్‌ను, పత్తి గురించి నీకేం తెలుసని ఆయన అడిగాడు. పెద్దగా ఏమీ తెలియదని తేలేసరికి ప్రయాణం ఆపించి, పత్తి సేద్యం, దాని చరిత్ర, దాని చుట్టూ అల్లుకున్న అప్పులు, వర్తకం గురించి రాత్రి దాకా కూర్చోబెట్టి చెప్పాడు. ఏ ఊళ్లో ఏం గమనించాలో వివరించే జాబితాలను ఆయన ఫోటోగ్రాఫర్లకు పంపేవాడు. సాయంత్రాలు జనం ఎక్కడ చేరతారు, ఇంటి గోడలకు ఏం తగిలిస్తారు వంటి ప్రశ్నలు వాటిలో ఉండేవి. ప్రతి నెగెటివ్‌కూ వ్యాఖ్య రాసి పంపమని ఆయన అడిగేవాడు. రస్సెల్ లీ వెంట ప్రయాణాల్లో తిరిగిన భార్య జీన్ పాత్రికేయురాలు కావడంతో, ఆయన ఫోటో తీస్తుంటే ఆమె పక్కనే మనుషులతో మాట కలిపి వివరాలు రాసుకునేది. డొరొథియా లాంగ్ 1939లో నార్త్ కరొలైనాలో సామాజికశాస్త్రవేత్త మార్గరెట్ హేగుడ్‌తో కలిసి పనిచేసినప్పుడు, ఒక కుటుంబంలో ఎందరున్నారు, ఎన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నారు, పొగాకు సాగు ఎలా సాగుతోంది, వారు తమ నోటితో ఏమన్నారు అన్న వివరాలతో పేజీలకు పేజీలు రాసింది. ఆ పేజీలు చదివిన తర్వాత ఆ చిత్రాలు చూస్తే పెరట్లో వేలాడే గిన్నె కూడా ఎవరిదో తెలిసిన గిన్నెలా కనిపిస్తుంది.

ఇంత శ్రద్ధగా రాసిన అదే లాంగ్ తన అన్నింటికన్నా ప్రసిద్ధమైన చిత్రం దగ్గర పేరు అడగలేదు. 1936 తొలి నెలల్లో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, మంచు వల్ల బఠాణీ పంట పాడై పని దొరకని కూలీల శిబిరంలో ఆమె తీసిన ఆ చిత్రంలో ఒక స్త్రీ గుడారం ముందు కూర్చుని ఉంటుంది. కుడిచేతి వేళ్లు చెంపకు ఆనించి ఉంటాయి, ఆ చేతి చొక్కా అంచు పోగులు విడిపోయి వేలాడుతుంటుంది, ఇద్దరు పిల్లలు చెరో భుజం మీద వాలి ముఖాలు అవతలికి తిప్పుకుని ఉంటారు, ఒడిలో పసిబిడ్డ నిద్రపోతుంటుంది. చిత్రం కుడివైపు దిగువన, గుడారపు గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు మసకగా కనిపిస్తుంది. అది కూర్పును చెడగొడుతోందని భావించిన లాంగ్ 1939లో నెగెటివ్ మీదే దాన్ని చెరిపించింది. స్ట్రైకర్‌కు ఆ పని నచ్చలేదు. ఇవాళ గ్రంథాలయంలో ఉన్న నెగెటివ్‌ను శ్రద్ధగా చూసేవారికి ఆ వేలి నీడ ఇంకా కనబడుతుంది.

ఆ చిత్రానికి రాసిన వ్యాఖ్యలో బఠాణీ కోత కూలీలన్న మాట, ఏడుగురు పిల్లల తల్లి అన్న మాట, ముప్పై రెండేళ్ల వయసు, ఊరి పేరు ఉన్నాయి. స్త్రీ పేరు లేదు. పత్రికలో చిత్రాలు పడిన తర్వాత ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల ఆహారం పంపింది, కాని అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి కదిలిపోయింది. తర్వాత 42 ఏళ్లపాటు ప్రపంచమంతా ఆమెను వలస తల్లి అనే పిలిచింది, ధూళి తుఫానుకు నేల పోగొట్టుకుని అప్పుడే పడమటికి వచ్చిన తెల్లజాతి రైతు ఇల్లాలనే అనుకుంది. 1978లో ఆమె ఎవరో తెలిసింది. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ చెరోకీ ఆదివాసి స్త్రీ; కాలిఫోర్నియాకు వచ్చింది 1920ల్లోనే, అంటే మాంద్యానికీ ధూళి తుఫానులకూ ముందే. ఒక్క ప్రశ్న అడిగి ఒక్క వాక్యం రాసి ఉంటే ఆమె జాతి, ఆమె ప్రయాణం, ఆమె బతుకు అన్నేళ్లు తప్పుగా చదవబడేవి కావు. ఆ చిత్రం వల్ల తనకు ఒరిగిందేమీ లేదన్న బాధ ఆమెకు చివరిదాకా ఉంది. చిత్రం గొప్పదే. అయినా ఆ పేరు లేని వ్యాఖ్య అసంపూర్ణమైనదని చెప్పక తప్పదు.

దీనికి పక్కన 1942లో గోర్డన్ పార్క్స్ చేసిన పనిని పెట్టి చూడవలసి ఉంటుంది. నల్లజాతివాడైన పార్క్స్, తాను పనిచేస్తున్న ప్రభుత్వ భవనంలోనే రాత్రిపూట గదులు ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే స్త్రీతో ముందు కూర్చుని మాట్లాడాడు, ఆమె జీవితం అడిగి తెలుసుకున్నాడు, ఆ తర్వాతే గోడకు వేలాడుతున్న జాతీయ జెండా ముందు చేతిలో చీపురుతో ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. అంతటితో వదలకుండా కొన్ని వారాలపాటు ఆమె ఇల్లు, మనవలు, ప్రార్థనా మందిరం, ఇరుగుపొరుగు, అన్నీ చిత్రించాడు. విచారకరమైన సంగతేమంటే, జెండా ముందు తీసిన ఆ ప్రసిద్ధ చిత్రానికి భాండాగారంలో ఉన్న పాత వ్యాఖ్య ఆమెను ప్రభుత్వ కార్యాలయపు ఊడ్పుమనిషి అని మాత్రమే అంటుంది. ఆమె పేరు మనవలతో ఉన్న చిత్రాల వ్యాఖ్యల్లో ఉంది. అన్నీ ఒకే భాండాగారంలో ఉండబట్టి ఒకదాని వెలుగులో మరొకదాన్ని చదవగలుగుతున్నారు.

ఇలా పక్కపక్కనే ఉంచి చదవడానికి దారి వేసినవాడు పాల్ వాండర్‌బిల్ట్. 1942లో ఈ చిత్రాల రాశిని సర్దడానికి వచ్చిన ఆయన ముందు పెద్ద చిక్కే ఉంది. విషయం వారీగా సర్దితే, అంటే ఇళ్లన్నీ ఒకచోట, పొలాలన్నీ ఒకచోట, వైద్యం ఒకచోట పెడితే, వెతికేవారికి సులువే గాని, ఒక ఫోటోగ్రాఫర్ ఒక ఊళ్లో రెండు రోజులు నడిచిన నడక ముక్కలు ముక్కలవుతుంది. ఆయన రెండూ చేశాడు. ఒక పని మీద ఒకచోట తీసిన చిత్రాలన్నిటినీ మొదట ఒక కట్టగా కూర్చి మైక్రోఫిల్మ్ మీద, అంటే పేజీలను చిన్నవిగా కుదించి నిలవ చేసే ఫిల్మ్ మీద భద్రపరిచాడు. ఆ తర్వాత ప్రింట్లను ప్రాంతం, విషయం ప్రకారం విడదీసి అరల్లో అమర్చాడు. 1944లో ఈ మొత్తం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చేతికి వచ్చింది. కట్ట విడిపోకుండా ఉండడం ఎంత ముఖ్యమో రాథ్‌స్టీన్ ఉదంతం చూపుతుంది. 1936లో ఆయన సౌత్ డకోటాలోని బీటలువారిన నేల మీద ఎద్దు పుర్రెను ఫోటో తీస్తూ, దాన్ని కొద్ది అడుగులు జరిపి మళ్లీ తీశాడు. ఎన్నికల వేళ ఆ సంగతి బయటపడి, ప్రభుత్వ చిత్రాలన్నీ కల్పితాలని ప్రత్యర్థి పత్రికలు విరుచుకుపడ్డాయి. ఒకే పుర్రె వేర్వేరు చోట్ల ఉన్న ఆ నెగెటివ్‌లు గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా చూసి తమకు తామే తీర్పు చెప్పుకోవచ్చు.

అంత శ్రద్ధగల స్ట్రైకర్ చేతుల మీదుగానే ఒక ఘోరం కూడా జరిగింది. తనకు పనికిరావనిపించిన నెగెటివ్‌లు మళ్లీ ఎవరూ వాడకుండా ఆయన వాటికి రంధ్రం పొడిపించేవాడు. ఫోటోగ్రాఫర్లు తీవ్రంగా అభ్యంతరం చెప్పిన ఆ అలవాటు 1930ల చివరి దాకా సాగింది. ఇవాళ ఆ నెగెటివ్‌ల నుంచి తీసిన బొమ్మల్లో రంధ్రం ఉన్నచోట నల్లటి గుండ్రని మచ్చ పడి, ఒకచోట పొలం మీద, ఒకచోట ఆకాశంలో, ఒకచోట సరిగ్గా మనిషి ముఖం మీదే కనిపిస్తుంది. అయినా గ్రంథాలయం వాటిని పారేయలేదు. ప్రింటు కాకపోవడం వల్ల వ్యాఖ్య కూడా లేకుండా పోయిన నెగెటివ్‌లను నమోదు చేసేటప్పుడు అక్కడి సూచీకారులు పాటించిన పద్ధతి ఎంతో గౌరవించదగినది. ఊహించి శీర్షిక పెట్టకుండా, ఇది శీర్షిక లేని చిత్రమని చెప్పి, పక్క సంఖ్యలో ఉన్న ఫలానా చిత్రానికి సంబంధించినది కావచ్చునని రాశారు. ఆ కావచ్చు అన్న మాటలో తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత ఉంది, ఆ గీత చెరగకుండా చూడడమే సూచీకరణలోని నిజాయితీ.

పేరు రాయడం అన్నివేళలా మేలే చేస్తుందని కూడా చెప్పలేము. వాకర్ ఎవాన్స్ 1936లో అలబామాలో పంట పాలుకు పత్తి పండించే కుటుంబాలను చిత్రించినప్పుడు, వారి గురించి జేమ్స్ ఏజీ రాసి 1941లో ప్రచురించిన పుస్తకంలో పేర్లు మార్చారు. ప్రభుత్వ భాండాగారంలోని వ్యాఖ్యల్లో మాత్రం అసలు పేర్లే ఉండిపోయాయి. తమ పేదరికం ఊరూపేరుతో సహా లోకమంతా చూడడం ఏ కుటుంబానికైనా నొప్పి కలిగించే విషయమే. అందుకే పేరు అడిగేవారు, అది ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ రాస్తారో కూడా ఎదుటివారికి చెప్పవలసి ఉంటుంది.

తెలుగు నేలకు సంబంధించి ఈ విషయంలో మొదట తలచుకోవలసిన పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన ఆయన నెగెటివ్‌లకు సంఖ్యలు వేసే పద్ధతి పాటించాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో కూడా పెట్టాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నిజాం దర్బారు, దొరల విందులు, భవనాలు వాటి ద్వారా చరిత్రకు అందాయి. కాని అలాంటి భాండాగారాలకు ఎన్నడూ చేరని చిత్రాలు తెలుగు ఇళ్లలో పెట్టెల అడుగున, అటకల మీద, చెమ్మకు అతుక్కుపోయిన ఆల్బమ్‌లలో ఉన్నాయి: బడి ముందు గుంపు ఫోటో, పెళ్లిపందిరి, జాతరలో గుడ్డ తెర ముందు దిగినది, కొత్తగా వచ్చిన నూనె ఇంజను పక్కన నిలబడినది. వీటిలో ఎవరెవరో చెప్పగలిగిన వారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు.

ఆ ఒకరిద్దరి దగ్గర ఈ ఆదివారం కాసేపు కూర్చోవలసిందని పాఠకులకు మనవి. ఫోటో వెనుక అంచున, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లు, ఊరు, సంవత్సరం, తెలిస్తే స్టూడియో పేరు రాయాలి. బాల్‌పెన్ను వాడితే గీత ముందువైపుకు తేలుతుంది, సిరా కొన్నాళ్లకు ఊరుతుంది. నున్నటి కొత్తరకం కాగితం మీద పెన్సిల్ పడకపోతే వేరే చీటీ మీద రాసి ఫోటోతోపాటు కవరులో పెట్టాలి. గట్టిగా తెలియని సంవత్సరం పక్కన, బహుశా అన్న మాట రాయాలి. పాత గుంపు ఫోటోల వెనుక మగవారి పేర్లు ఇంటిపేర్లతో సహా ఉండి, ఆడవారి దగ్గరికి వచ్చేసరికి ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే ఉండడం సర్వసాధారణం. అలాంటిచోట ఆమె సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు అడిగి తెలుసుకుని, ముందుగా అవే రాయండి.