మధ్యలో తినేది ఎవరు? - 'గ్లోబల్ బాడీ షాపింగ్' పుస్తకంపై మా మాట

షియాంగ్ బియావ్ రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' 2007లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. చైనాకు చెందిన ఈ పరిశోధకుడు 2000, 2001 ప్రాంతంలో సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తిరిగి, తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను కన్సల్టెన్సీలు ఎట్లా సరఫరా చేస్తాయో రాశారు. అమీర్‌పేటలో మన కళ్లముందు నడిచే వ్యాపారం గురించి బయటి మనిషి వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే మన పండితులకు అది ప్రగతి, దోపిడీ కాదు.

వ్యాపారం ఎట్లా నడుస్తుందో తెలియడానికి ఒక లెక్క వేసుకుందాం. పని చేయించుకునే కంపెనీ గంటకు 100 డాలర్లు ఇస్తుందనుకోండి. పై ఏజెన్సీ 15 ఉంచుకుని 85 కిందివాడికి ఇస్తుంది. వాడు 10 ఉంచుకుంటాడు. మిగిలిన 75లో కుర్రాడి కన్సల్టెన్సీ 'ఎనభై-ఇరవై' పద్ధతిన 15 తీసుకుంటుంది. రాత్రింబగళ్లు కూర్చుని కోడ్ రాసినవాడికి దక్కేది 60. పై రేటు ఎంతో వాడికి చెప్పరు. అడిగితే అది కంపెనీల మధ్య ఒప్పందం, నీకెందుకంటారు. ప్రాజెక్టు అయిపోతే బెంచీ. హెచ్-1బి మీద వచ్చినవాణ్ణి జీతం లేకుండా బెంచీ మీద కూర్చోబెట్టకూడదని అమెరికాలో 1998లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ బెంచీ పోలేదు.

ఇదంతా నలుగురు దొంగ ఏజెంట్ల పని అని పుస్తకం సరిపెట్టుకోదు. దాని బలం అక్కడే ఉంది. మార్కెట్టుకు కావాలన్నప్పుడు మనుషులు దొరకాలి, అక్కర్లేనప్పుడు వాళ్ల తిండి భారం తనమీద పడకూడదు. ఆ భారం మోసేది కుర్రాడి ఇల్లు. పొలం మీద మిగులు, కట్నం డబ్బు, ఇంటి ఆడవాళ్ల చాకిరీ - ఇవే కోర్సు ఫీజులయ్యాయి, వీసా ఖర్చులయ్యాయి, బెంచీ రోజుల్లో అన్నమయ్యాయి. కట్నానికీ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికాన్ని ఇంత సూటిగా చూపించడం చిన్న పని కాదు.

అయితే మా పేచీ కూడా ఇక్కడే మొదలవుతుంది. పుస్తకం కులాన్ని వదిలేసిందని మేము అనడం లేదు. అది కులం పేరెత్తుతుంది. కానీ పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కులాన్ని వాడుకున్నంతగా, ఏజెంటు మార్జిన్ దేనిమీద నిలబడిందో చెప్పడానికి వాడుకోలేదు. ఏజెంటు అమ్మేది నైపుణ్యం ఒక్కటే కాదు, నమ్మకం కూడా. 'మనవాడే', 'ఫలానా వాళ్లబ్బాయి' అన్న మాటే పూచీకత్తు. లేని అనుభవాన్ని ఉన్నట్టు కాగితం మీద రాయాలన్నా, ముందు డబ్బు పెట్టి వీసా తీయాలన్నా, జీతం ఆలస్యమైతే గొడవ చెయ్యడని ధీమాగా ఉండాలన్నా ఆ పూచీయే ఆధారం. ఆ పూచీ మీద వసూలు చేసే అద్దెకే మార్జిన్ అని పేరు.

మరి మాలపల్లె నుంచో, మాదిగగూడెం నుంచో వచ్చిన ఇంజనీరుకు పూచీ ఎవరు? రిజర్వేషన్ సీటులో చదివి తెచ్చుకున్న డిగ్రీ ప్రైవేటు ఏజెన్సీ గుమ్మం దగ్గర వాడికి అండగా నిలబడదు. పైగా దాన్ని చూడగానే మెరిట్ మీద ప్రసంగం మొదలవుతుంది. దోపిడీకి గురికావడానికి కూడా ముందు కులం అర్హత కావాలన్నమాట!

గొలుసులో మావాళ్లు లేరా? ఉన్నారు, ఇంకో కొసన. మన పట్టణాల్లో చీపురును కూడా కాంట్రాక్టు ఏజెన్సీల చేతిలో పెట్టారు. ఊడ్చేది ఎక్కువగా మాల, మాదిగ, రెల్లి మనుషులు. తలకింత అని వచ్చే డబ్బులో ఏజెన్సీకి కమీషను. పి.ఎఫ్. కట్టారో లేదో ఊడ్చే మనిషికి తెలియదు. పర్మినెంటు పోస్టుకైతే రిజర్వేషన్ అడగవచ్చు, ఇక్కడ పోస్టే లేదు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మునిసిపల్ కార్మికులు సమ్మె కట్టారు. దళారుల్ని తప్పిస్తామంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆప్కాస్ అనే కార్పొరేషన్ మొదలుపెట్టింది. మధ్యలో తినేవాడు ఉన్నాడని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. దళారిని తప్పించారు గానీ కార్మికులను పర్మినెంటు చెయ్యలేదు. 2023 డిసెంబరులో మళ్లీ సమ్మె.

సాఫ్ట్‌వేర్ కుర్రాడి కష్టమూ సఫాయి మనిషి కష్టమూ ఒకటేనని మేము అనం. అతను పోగొట్టుకునేది రేటులో వాటా, ఆమె పోగొట్టుకునేది పూట కూడు. కానీ ఇద్దరి మెడమీదా ఉన్న కత్తి ఒకటే: పైవాడు ఎంత ఇస్తున్నాడో కిందివాడికి తెలియనివ్వకపోవడం. కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. ఏజెంటు బతికేది ఆ మెట్ల మధ్య సందుల్లోనే.

కాబట్టి విద్యార్థి సంఘాలూ, యూనియన్లూ కలిసి అడగాల్సినవి రెండున్నాయి. పనిచేసే మనిషి పేరుమీద పైవాడు చెల్లించే మొత్తం ఎంతో ఆ మనిషికి కాగితం మీద చూపించాలి. ఏజెన్సీ ద్వారా చేసే నియామకాలన్నిటికీ రిజర్వేషన్ వర్తించాలి. మొదటిది ఒక్కటే అడిగితే లోపల ఉన్నవాడి వాటా పెరుగుతుందే గానీ మావాళ్లకు గుమ్మం తెరుచుకోదు. ఈ పుస్తకాన్ని మన క్లాసుల్లో తప్పకుండా చదివించాలి. చదివించే పంతుళ్లు, క్లాసు మొదలవకముందే ఆ గది ఊడ్చి వెళ్లిన మనిషి జీతం ఏ ఏజెన్సీ గుండా వస్తుందో కూడా పిల్లలతో అడిగించాలి.